కడిగిన సీసా, కాలిన తీగ

నేను ఒక తీగముక్కను. జానెడు పిడి, పిడి చివర వేలెడు తీగ, ఆ తీగ కొసన ఆవగింజ దూరేంత ఉంగరం. ఆస్తీ అంతే, అందమూ అంతే. బంగారపు ఉంగరమై పుట్టి ఉంటే బీరువాలో దాచుకునేవాళ్ళు. నాది నిక్రోమ్ కాబట్టి చీములోనూ కఫంలోనూ ముంచారు. ఆసుపత్రి ల్యాబులో నన్ను లూప్ అంటారు. మీకు జ్వరం ఏ క్రిమి వల్ల వచ్చిందో తేల్చడానికి మీ మూత్రంలో, మీ పుండులో మొట్టమొదట తల దూర్చేది నేనే. సంబంధాలు కుదిర్చే పేరయ్య కూడా ఇన్ని కుటుంబాల గుట్టు చూసి ఉండడు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరి గుట్టూ బయటపెట్టలేదు. ఇవాళ పెడుతున్నానంటే, ఇక నాకు పోయేదేమీ లేదు గనక.

నికెలూ క్రోమియమూ కరిగించి సాగదీసిన తీగచుట్టలో పుట్టాను. నా అన్నదమ్ముల్లో ఎక్కువమంది ఇస్త్రీపెట్టెల్లోకీ నీళ్ళు కాచే హీటర్లలోకీ వెళ్ళారు. పెళ్ళి చొక్కాలు, పిల్లల స్నానాలు, మర్యాదైన బతుకులు. నన్ను మాత్రం ఉత్తరాదిన ల్యాబు సామాను చేసే ఒక కార్ఖానాలో పట్టుకారుతో కొస మెలిపెట్టి, పిడికి బిగించి, నాలాంటివాళ్ళు మరో పదకొండుమందితో కలిపి అట్టపెట్టెలో వేశారు. ఆ పెట్టె రైలెక్కి, లారీ ఎక్కి, పొగాకు పండే మెట్టప్రాంతంలో ఒక జిల్లా పట్నానికి చేరింది. అక్కడి పెద్దాసుపత్రి పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది "మా బాబాయిని అక్కడే చేర్చాం" అని కథ మొదలుపెడతారు, నా కథ వెనకబడుతుంది.

నా పని ఇలా ఉంటుంది. ముందు మంటలో పెడతారు. ఎర్రగా కాలాలి, నా ఒంటిమీద పాత క్రిమి ఒక్కటి కూడా మిగలకూడదు. తర్వాత చల్లారాలి. అప్పుడు మూత్రం సీసాలో ముంచితే నా ఉంగరంలో కచ్చితంగా ఒక చుక్కలో యాభయ్యో వంతు నిలుస్తుంది. దాన్ని గాజు పళ్ళెంలో, గొర్రె రక్తం కలిపిన జెల్లీ మీద గీతలు గీతలుగా రాస్తారు. మీరు తలకాయ కూరకు ఎంత ఎగబడతారో క్రిములు ఆ గొర్రె రక్తానికి అంత ఎగబడతాయి. వెచ్చటి పెట్టెలో పెడితే తెల్లారేసరికి గుంపులు గుంపులుగా మొలుస్తాయి. మళ్ళీ నాకు మంట. మీకు జీవితంలో ఒకటో రెండో అగ్నిపరీక్షలు ఎదురైతే మనవల దాకా చెప్పుకుంటారు. నాకు రోజుకు నూటయాభై.

నా మొదటి యజమాని చెంచురామయ్యగారు. నిజాయితీపరుడు, లెక్కకు మించిన తొందరమనిషి. ఆయన నన్ను కాల్చేవాడు, చల్లారనిచ్చేవాడు కాదు. నిప్పుకణికలా ఉన్న నన్ను తెచ్చి శాంపిల్‌లో ముంచితే చుయ్‌మని శబ్దం వచ్చేది. ఆ చుయ్‌లో ఎన్ని వేల క్రిములు మాడిపోయేవో. పళ్ళెంలో ఏమీ మొలిచేది కాదు. ఆయన తాపీగా "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు రాసేవాడు. అలా ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ మా ఆసుపత్రిలో క్రిములు చాలా తక్కువని మంచి పేరు వచ్చింది. ఒక ఏడాది చెంచురామయ్యగారికి శాలువా కూడా కప్పారు. శాలువా కప్పుతున్నప్పుడు నేను స్టాండులో నిలబడి చూస్తున్నాను. నోరుంటే నవ్వేదాన్ని. ఆ ఆరేళ్ళలో ఇంటికి వెళ్ళకుండా పోయినవాళ్ళు గుర్తొస్తే మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ సగంలో ఆగిపోతుంది.

ఆయన రిటైరయ్యాక రూతమ్మ చేతికి వచ్చాను. టెక్నీషియన్‌గా అప్పుడే చేరింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గుడి మైకంత. ఆమె నన్ను కాల్చి, గాల్లో కదలకుండా పట్టుకుని, కళ్ళు అరమోడ్చి పెదాలు కదిపేది. చూసినవాళ్ళు "అబ్బా, ఎంత భక్తి, ప్రతి శాంపిల్‌కీ ప్రార్థన చేస్తుంది" అనేవాళ్ళు. ప్రార్థన నిజమే. అది సరిగ్గా పది సెకన్లది. నేను చల్లారడానికి పట్టే సమయం కూడా అంతే. గడియారం చూస్తే చెయ్యి కదులుతుంది, ప్రార్థనైతే కదలదు, ఆ లెక్క ఆమెకు తెలుసు. రూతమ్మ వచ్చిన మొదటి నెలలో ఆసుపత్రిలో క్రిములు ఒక్కసారిగా నాలుగింతలయ్యాయి. "కొత్తమ్మాయి చేతికి శుభ్రం లేనట్టుంది" అన్నారు పైవాళ్ళు. నిజం చెప్పినవాడి నోరే కంపు కొడుతుందని మీవాళ్ళకు ఎప్పటినుంచో నమ్మకం.

ఆమె తరపున మాట్లాడింది ఒక్క డాక్టర్ హసీనా. మా ల్యాబుకు పెద్ద. పొట్టిగా ఉంటుంది, మైక్రోస్కోప్ ముందు కుర్చీలో దిండు వేసుకుని కూర్చుంటుంది. వార్డు డాక్టర్లు ఆమెను చూస్తే కాస్త దడుస్తారు, ఎందుకంటే పెద్దమందులన్నిటికీ ఆమె సంతకం కావాలి. అల్మారా పైఅరలో తాళం వేసి ఉంచే చివరిమందు ఒకటుంది. ఏ మందుకూ లొంగని క్రిమిని కూడా అది లొంగదీస్తుంది, కాకపోతే దారిలో మనిషి కిడ్నీలను కూడా తొక్కుకుంటూ పోతుంది. దాని తాళంచెవి హసీనా గారి హ్యాండ్‌బ్యాగులో ఉండేది, దువ్వెన పక్కన.

నాలుగేళ్ళ కిందట కొత్తల్లుడు దిగాడు. అసలు పేరు నాకు నోరు తిరగదు. ల్యాబంతా ఆ మెషిన్‌ను కొత్తల్లుడనే అనేవాళ్ళు, అనక ఏం చేస్తారు. వాడికోసం విడిగా గది, గదికి ఏసీ, ఏసీకి స్టెబిలైజర్. చెప్పులేసుకుని ఎవరూ లోపలికి పోకూడదు. గట్టిగా తుమ్మకూడదు. వాడు చేసే పని మాత్రం ఘనమైనదే, ఈర్ష్యతోనైనా ఒప్పుకోవాలి. పళ్ళెంలో మొలిచిన క్రిమిని కొంచెం తీసి వాడికి పెడితే, దాన్ని లేజర్‌తో పేల్చి, ఆ ముక్కల బరువు చూసి, పది నిమిషాల్లో ఇంటిపేరుతో సహా ఎవరో చెప్పేస్తాడు. వెనక ఇదే సంగతి తేల్చడానికి రూతమ్మా నేనూ రెండురోజులు తంటాలు పడేవాళ్ళం. పోనీ, వాడికి తినిపించేటప్పుడైనా నన్ను వాడతారనుకున్నాను. లేదు. పళ్ళు కుట్టుకునే పుల్లతో తినిపిస్తారు. ఇరవయ్యేళ్ళు నిప్పుల్లో కాలిన తీగకన్నా పంటిపుల్ల ఎక్కువైంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మార్చి నెలలో మగవాళ్ళ వార్డులో మాలకొండయ్య అనే మనిషి చేరాడు. యాభై అయిదేళ్ళు. పచ్చాకును వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్ దగ్గర మంట చూసే పని. ఆకు పదునుగా ఆరాలంటే వేడి తగ్గకూడదు, హెచ్చకూడదు. వారం రోజులు ఆ మంట దగ్గరే కాపలా. చెమటేమో కుండలకొద్దీ పోతుంది, నీళ్ళేమో గ్లాసుడు తాగుతారు. అలా ముప్పయ్యేళ్ళు చేసేసరికి కిడ్నీలో రాళ్ళు పడ్డాయి. అయిదేళ్ళ కిందట ఒక కిడ్నీ తీసేశారు. మిగిలింది ఒక్కటి. ఇప్పుడు ఆ ఒక్కదాన్లోంచే జ్వరం పుట్టింది. ఊళ్ళో ఇంజక్షన్ల డాక్టరు నాలుగురోజులు పొడిచి, చేతులెత్తేసి, పట్నం తీసుకుపొమ్మన్నాడు. వణుకు ఎక్కితే మంచం కూడా కదిలేది.

వార్డు డాక్టరు పృథ్వీధర్. కుర్రవాడు, చురుకైనవాడు, నాలుగురోజులుగా సరైన నిద్ర లేనివాడు. ఫలితం వచ్చేదాకా ఏదో ఒక మందు వెయ్యాలి గనక, మామూలుగా ఇలాంటి జ్వరానికి పనిచేసే ఇంజక్షన్ మొదలుపెట్టి, రక్తమూ మూత్రమూ పరీక్షకు రాశాడు. రక్తం దగ్గర మాలకొండయ్య భార్య తిరుపతమ్మ అడ్డం పడింది. "ఉన్న రక్తమే అంతంతమాత్రం. జ్వరం తగ్గనీయండి, తర్వాత మీ ఇష్టం వచ్చినంత తీసుకోండి" అంది. జ్వరం తగ్గాక తీస్తే ఎందుకూ పనికిరాదని ఆమెకు చెప్పే తీరిక ఎవరికీ లేదు. రక్తం మర్నాటికి వాయిదా పడింది. మూత్రానికి మాత్రం ఆమెకు అభ్యంతరం లేదు. నర్సు చేతిలో ఒక సీసా పెట్టి "ఇందులో పట్టియ్యి" అని వెళ్ళిపోయింది. తిరుపతమ్మ పట్టి ఇచ్చింది.

ఆ సీసా మాకు వచ్చింది. రూతమ్మ నన్ను కాల్చింది, ప్రార్థన చేసింది, ముంచింది, గీసింది. తెల్లారేసరికి పళ్ళెం పచ్చబారి ఉంది. మూత తీస్తే పండిన ద్రాక్షపళ్ళ వాసన. అంత కమ్మటి వాసన వేసే క్రిమి మరొకటి లేదు, అంత పొగరుబోతూ లేదు. సూడోమోనాస్ దాని పేరు. నేను పచ్చదొర అంటాను. కొత్తల్లుడికి పెట్టారు. పది నిమిషాల్లో అదే పేరు చెప్పాడు. మందుల పరీక్ష పెట్టారు. మూడోరోజు పొద్దున ఫలితం వచ్చింది. ఇరవై మందుల్లో పంతొమ్మిదింటికి పచ్చదొర లొంగడు. లొంగేది ఒక్క చివరిమందుకే.

తొమ్మిదిన్నరకు పృథ్వీధర్ ఫోన్ చేశాడు. హసీనా గారు స్పీకర్‌లో పెట్టారు.

"మేడం, పదకొండో బెడ్డు, మాలకొండయ్య. జ్వరం నూటమూడు. ఇస్తున్న మందు పనిచెయ్యట్లేదు. పైఅర మందుకు సంతకం పెట్టండి."

"ఒక్క కిడ్నీ మనిషి కదయ్యా."

"తెలుసు మేడం. అదీ నిన్నటికన్నా మందగించింది. మందు వేస్తే కిడ్నీ పోవచ్చు, వెయ్యకపోతే మనిషే పోతాడు. డయాలిసిస్ మీదైనా బతుకుతాడు కదా."

ఆయన అన్నది తప్పేమీ కాదు. వారానికి మూడుసార్లు డెబ్భై కిలోమీటర్లు బస్సులో వచ్చి, నాలుగుగంటలు మిషనుకు అతుక్కుని పడుకోవడం కూడా బతుకే. కాకపోతే అలా బతికేవాడికి ఇక బ్యారన్ లేదు, మంట లేదు, పని లేదు. అది మాలకొండయ్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

హసీనా గారు పెన్ను తీశారు. అప్పుడు రూతమ్మ "మేడం, ఒక్క మాట" అంది. గుడిమైకు గొంతు ఆరోజు గుసగుసగా వచ్చింది. "ఈ వాసన నాకు తెలిసినట్టుంది."

"పచ్చగా మొలిస్తే అందరికీ తెలిసిన వాసనే కదా రూతూ."

"అది కాదు మేడం. పోయిన నెల వార్డుల్లో కుళాయిలు పరీక్ష చేశాం కదా. మగవాళ్ళ వార్డు కుళాయిది కూడా ఇట్టాగే మొలిచింది. రిపోర్టు కూడా పంపాం. కుళాయి మార్చండని రాశాం."

"మార్చారా?"

"రంగేశారు."

పోయిన నెల కాగితం వెతికి తీశారు. కుళాయిలోని పచ్చదొర ఏ మందుకు లొంగుతాడో, ఏ మందుకు లొంగడో అందులో ఉంది. మాలకొండయ్య కాగితాన్ని దాని పక్కన పెట్టారు. కవలపిల్లల జాతకాల్లా ఒక్క అక్షరం తేడా లేదు.

హసీనా గారు సంతకం పెట్టకుండా పెన్ను పక్కన పెట్టారు. "ఇప్పుడు ప్రశ్నేమిటంటే," అన్నారు, "కుళాయిలోది మనిషిలోకి పోయిందా, సీసాలోకి పోయిందా? మనిషిలోకి పోయి ఉంటే పృథ్వీ చెప్పిందే చెయ్యాలి. నువ్వు పోయి కనుక్కో. పదకొండున్నర లోపల."

ల్యాబువాళ్ళు వార్డులోకి పోవడం మా ఆసుపత్రిలో అలవాటు లేని పని. రోగులు సీసాల్లో వస్తారు, రిపోర్టులు కాగితాల్లో పోతాయి. మనుషులతో మాకు సంబంధం లేదు. రూతమ్మ గబగబా లేచి, అప్పుడే కాల్చి చల్లార్చిన నన్ను స్టాండులో పెట్టడం మరిచిపోయి కోటు జేబులో పెన్నులా గుచ్చుకుంది. నియమాల ప్రకారం అది ఘోరం. నియమాలు రాసేవాళ్ళెవరైనా దీన్ని చదువుతుంటే ఈ నాలుగు వాక్యాలూ దాటెయ్యండి. ఆ ఘోరం జరక్కపోతే మిగతా కథ నాకు తెలిసేది కాదు.

వార్డులో తిరుపతమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని భర్త కాళ్ళు పడుతోంది. నల్లటి మనిషి, చేతులకు పొగాకు జిగురు మరక వదల్లేదు. మంచం కింద ఆమె సంసారమంతా సర్ది ఉంది. రెండు గిన్నెలు, ఒక చెంబు, గ్లాసులు, అన్నీ తళతళా తోమి బోర్లించి ఉన్నాయి. వార్డు మొత్తానికి అంత శుభ్రంగా ఉన్న చోటు అదొక్కటే.

రూతమ్మ కిందే కూర్చుంది. "అమ్మా, మొన్న మూత్రం పట్టిచ్చావు కదా. ఎట్టా పట్టావో కాస్త చెప్పు."

తిరుపతమ్మ ముఖం ముడుచుకుంది. "ఎట్టా పడతారు? అందరూ ఎట్టా పడితే అట్టానే. ఏం, తక్కువైందా?"

"తక్కువ కాలేదు. సీసా ఇచ్చారు, తర్వాత నువ్వేం చేశావు? మొదటినుంచీ చెప్పు."

"ఏం చేస్తా. శుభ్రంగా కడిగా."

"కడిగావా?"

"ఆ కుళాయి కింద మూడుసార్లు కడిగి, కొంగుతో తుడిచి, అప్పుడు పట్టించా. పెద్ద పెద్ద డాక్టర్లు చూసేది, మురికి సీసాలో పంపిస్తానా? పేదోళ్ళమే గానీ పద్ధతి లేనోళ్ళం కాదమ్మా."

"అది మురికి సీసా కాదమ్మా. కొత్తది. మూత కూడా తీసి ఉండరు."

"కొత్తదైతే? కొత్తకుండ తెచ్చి కడక్కుండా పొయ్యిమీద పెడతావా నువ్వు?"

రూతమ్మ మంచం కింద బోర్లించిన గిన్నెలవైపు చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఎంతమంది తల్లులు, ఎంతమంది భార్యలు ఎన్ని సీసాలు కడిగి ఉంటారో అప్పుడు లెక్కవేసుకుని నా నిక్రోమ్ ఒళ్ళు చల్లబడింది. క్రిమి ఒక్కటి కూడా లేకుండా కంపెనీలో మూసి పంపిన సీసాను, ఊళ్ళోకెల్లా శుభ్రమైన ఆడది, శుభ్రంకోసమే, వార్డులోకెల్లా పాడు కుళాయి కింద పెట్టింది. దాన్ని పట్టుకుపోయి లక్షల మెషిన్‌ను అడిగితే అది కుళాయి పేరు చెప్పింది. వద్దని తిరుపతమ్మకు చెప్పిన నాథుడు లేడు.

"తప్పైందా అమ్మా?" అంది తిరుపతమ్మ. అంతసేపూ ఉన్న పొగరంతా ఆ ఒక్క మాటలో జారిపోయింది.

"తప్పు నీది కాదు. మేం చెప్పాల్సింది చెప్పలేదు. ఈసారి కడగబాక. మూత లోపల వేలు కూడా పెట్టబాక. కడగాల్సింది మనిషిని, సీసాని కాదు."

మగనర్సు ఒకాయన్ను పిలిచారు. మాలకొండయ్య కళ్ళు తెరిచి సంగతంతా విన్నాడు. మొదట కాస్త వదిలేసి, మధ్యలోది పట్టాలని రూతమ్మ తెర అవతలినుంచి చెబితే, ఆ వణుకులో కూడా ఆయన నోరు ఊరుకోలేదు. "కట్ట కట్టిన పొగాకు బేలు కూడా ఇంతేనమ్మా. కొనేవోడు పైన చూస్తాడు, కింద చూస్తాడు. సరుకు నిజం మధ్యలో ఉంటది. మీరు తెలివిగలోళ్ళు." తర్వాత తెర వెనక సీసా మూత తీసిన చప్పుడైంది. "వచ్చేదే నాలుగు చుక్కలు. అందులో మధ్యన అంటే యాడ చూసుకోనయ్యా" అని నర్సుతో అనడం వినిపించింది. ఎట్టాగో పట్టాడు.

ల్యాబుకు పరుగున వచ్చాం. ఈ చుక్క మొలవాలంటే మర్నాటిదాకా ఆగాలి. అంత గడువు లేదు. రూతమ్మ నన్ను మళ్ళీ కాల్చింది. పది సెకన్ల ప్రార్థన ఆరోజు పన్నెండు సెకన్లు పట్టినట్టు నాకు అనిపించింది. చుక్క తీసి గాజుపలక మీద రాసి, ఆరబెట్టి, ఊదారంగు పోసి, కడిగి, ఎర్రరంగు పోసి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. నూటముప్పయ్యేళ్ళు దాటిన పాత పద్ధతి ఇది. పచ్చదొర ఉంటే ఎర్రటి పుల్లల్లా కనిపించాలి.

హసీనా గారు దిండు సర్దుకుని చూశారు. చూసి, పక్కకు జరిగి, రూతమ్మను చూడమన్నారు.

పుల్ల ఒక్కటి లేదు. చీముకణాల మధ్య ఊదారంగు పూసలు. జంటలు జంటలుగా, అక్కడక్కడా చిన్న దండలుగా.

"ఇస్తున్న ఇంజక్షన్ వీటిని ముట్టుకోను కూడా ముట్టుకోదు," అన్నారు హసీనా గారు. "అందుకే జ్వరం దిగలేదు. పాత పళ్ళెం తియ్యి."

పాత పళ్ళెంలో పచ్చటి మంద మధ్య సన్నగా, బియ్యపు నూకలకన్నా చిన్నగా, బూడిదరంగు చుక్కలు ఉండనే ఉన్నాయి. గీసింది నేనే. పచ్చదొర ఆర్భాటంలో అవి ఎవరి కంటా పడలేదు. ఊళ్ళో అయినా అంతే కదా, గొడవ చేసేవాణ్ణి పట్టుకుంటారు, పని కానిచ్చుకున్నవాడు పక్కనే నిలబడి ఉంటాడు.

ఆమె ఫోన్ చేశారు. పృథ్వీధర్ నమ్మలేదు. "మేడం, ఒక్క చుక్క చూసి చెబుతున్నారు. మెషిన్ స్పష్టంగా ఇంకో పేరు చెప్పింది."

"మెషిన్ అబద్ధం చెప్పలేదయ్యా. మనం కుళాయిని చూపించి అడిగాం, అది కుళాయి సంగతి చెప్పింది."

"మీరు పొరపాటైతే? ఈలోగా బీపీ పడిపోతే?"

"పడిపోతే కేసుషీట్‌లో నా పేరు రాయి. మందు ఆపమంది హసీనా అని పెద్ద అక్షరాలతో రాయి."

"నాలుగింటిదాకా ఆగుతాను మేడం. నాలుగైతే మాత్రం పైఅర మందే," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేశారు. మళ్ళీ దిండు సర్దుకుని, అదే గాజుపలకను మొదటినుంచీ చూశారు.

తర్వాత రెండుగంటలూ ఎవరూ అన్నం తినలేదు. ల్యాబు మూలన రక్తం సీసాలను ఊయలూపే పెట్టె ఒకటుంది. వార్డులో తీసిన రక్తాన్ని అందులో పెడితే, లోపల క్రిమి పెరగడం మొదలైన క్షణాన కూత పెడుతుంది. నిన్న సాయంత్రం తిరుపతమ్మ ఎట్టకేలకు ఒప్పుకుని ఇప్పించిన రెండు సీసాలు అందులో ఊగుతున్నాయి. ఆ రక్తం మటుకు కుళాయి మొహం చూడలేదు. సూది నుంచి సరాసరి సీసాలోకి వచ్చింది.

రెండుంబావుకు అది కూసింది.

రూతమ్మ సీసా లాగి, గాజుపలక మీద చుక్క వేసి చూసింది. ఊదా పూసలు. అవే జంటలు, అవే దండలు. మిగతా రక్తాన్ని గిర్రున తిప్పి, కడిగి, మడ్డి తీసి పంటిపుల్లతో కొత్తల్లుడికి తినిపించారు. అందరూ వాడి గది ముందు, చెప్పులు విడిచి, శకునం అడగడానికి వచ్చినవాళ్ళలా నిలబడ్డారు. వాడు తన పద్ధతిలో గునిసి, పేల్చి, తూచి, మూడుంబావుకు తెరమీద పేరు వేశాడు. ఎంటెరోకాకస్. నాకు వాడిమీద ఈర్ష్య పోయిందని చెప్పను. వాడు మా వాడేనని మాత్రం ఆరోజు మొదటిసారి అనిపించింది.

ఆ పూసలకు పైఅర మందు అక్కర్లేదు. ఆ మాటకొస్తే అది వాటిని ఏమీ చెయ్యలేదు కూడా. కిడ్నీ పోయి, జ్వరం అలాగే ఉండేది. కావాల్సింది కింది అరలో తాళం లేకుండా, దుమ్ముపట్టి ఉండే పాతకాలపు యాంపిసిలిన్. పృథ్వీధర్ స్వయంగా ల్యాబుకు వచ్చి కాగితం తీసుకున్నాడు. "థాంక్స్ మేడం" అన్నాడు. హసీనా గారు రూతమ్మవైపు గడ్డం ఎత్తి చూపించారు. ఆయన రూతమ్మతో ఏం మాట్లాడాలో తెలియక "మీరు భోజనం చేశారా?" అని అడిగాడు. మీ మగవాళ్ళకు కృతజ్ఞత అంతకన్నా పొడుగ్గా రాదు.

మర్నాడు మందుల పళ్ళెంలో యాంపిసిలిన్ బిళ్ళ చుట్టూ నున్నటి ఖాళీ చక్రం కనిపించింది. ఆ చక్రం ఉన్నంతమేరా క్రిమి మొలవలేదన్నమాట. మూడోరోజుకు జ్వరం దిగింది. కిడ్నీ మెల్లగా దారిలో పడింది. మగవాళ్ళ వార్డు కుళాయిని ఈసారి నిజంగానే మార్చారు. సీసా ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పి ఇవ్వాలని హసీనా గారు కాగితం అంటించారు. ఆ కాగితం కన్నా తిరుపతమ్మ ఎక్కువ పనిచేసింది. ఉన్న పది రోజులూ కొత్త కుళాయి పక్కన నిలబడి, సీసాతో ఎవరొచ్చినా "కడగబాకండి, కడిగితే కుళాయికి మందేస్తారు, మనిషికి కాదు" అని తరిమింది.

ఈలోగా ల్యాబులో నాకు కాలం చెల్లింది. ప్లాస్టిక్ లూపులు వచ్చాయి. కాల్చక్కర్లేదు, చల్లార్చక్కర్లేదు, ఒక్కసారి వాడి పారెయ్యడమే. పదేసి చొప్పున సంచుల్లో పచ్చగా నీలంగా దిగాయి. వాటికి అగ్నీ తెలియదు, ఆలస్యమూ తెలియదు. చెంచురామయ్యగారి లాంటివాళ్ళకు అవే మంచివని న్యాయంగా ఒప్పుకుంటాను. రూతమ్మ పది సెకన్ల ప్రార్థన మాత్రం మానలేదు. ఇప్పుడు అది నిజంగా ప్రార్థనే అయి ఉండాలి.

ఏప్రిల్ ఆఖర్లో మాలకొండయ్య దంపతులు చూపించుకోవడానికి వచ్చారు. తిరుపతమ్మ ల్యాబు కిటికీలోంచి ఒక సీసా అందించింది. పైన కొత్తగుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది.

"కడగలా. మూత లోపల వేలు పెట్టలా. పొద్దున నాలుగింటికి ఇంటికాడ మధ్యలోది పట్టించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. ఎవర్నీ ముట్టుకోనీలా," అంది, ముఖం వెలిగిపోతుండగా.

టైము పదకొండు. ఏప్రిల్ ఎండలో ఏడుగంటల కిందటి మూత్రం. ఆ ఒడిలో, ఆ వేడిలో ఈపాటికి ఎన్ని క్రిములు సంసారాలు పెట్టి ఉంటాయో. రూతమ్మ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత రెండుచేతులా సీసా అందుకుని, "చాలా బాగా తెచ్చావమ్మా," అంది. "ఇదుండనీ. ఇంకొకటి ఇస్తా, ఇప్పుడు ఇక్కడే పట్టించి, వెంటనే నా చేతికియ్యి."

"ఇంకోటా?" అన్నాడు మాలకొండయ్య. "వచ్చేటప్పుడు రెండు చెంబుల నీళ్ళు తాగించింది ఈమె. ఎన్ని సీసాలైనా ఇయ్యండి."

ఆరోజు ప్లాస్టిక్ లూపుల సంచి అయిపోయింది. కొత్తది స్టోర్లో ఉంది, స్టోర్ తాళం ఎవరి దగ్గరో ఉంది. రూతమ్మ సొరుగు తెరిచి నన్ను తీసింది. మంటలో ఎర్రగా కాల్చింది. ఆగింది. ముంచింది. గీసింది. మాలకొండయ్య మూత్రం, నా ఉంగరంలో చుక్కలో యాభయ్యో వంతు.

మర్నాడు ఇద్దరూ కిటికీ దగ్గరకు వచ్చారు. రూతమ్మ పళ్ళెం ఎత్తి వెలుతురుకు పట్టి చూపించింది. ఎర్రటి జెల్లీ నున్నగా, తడిగా, ఒక్క చుక్క లేకుండా మెరిసింది.

"ఏమీ రాలేదమ్మా," అంది.

తిరుపతమ్మ ముఖం వాడిపోయింది. "అంత దూరం నుంచొచ్చి ఇస్తే ఏమీ రాలేదా?"

"రాకపోతేనే మంచిదంటలేవే," అన్నాడు మాలకొండయ్య. "పద, బస్సు పోద్ది. రేపు బ్యారన్ ముట్టించాల."

వాళ్ళు వెళ్ళాక కూడా రూతమ్మ ఆ ఖాళీ పళ్ళేన్ని పారెయ్యకుండా మరి కాసేపు వెలుతురుకు పట్టుకునే ఉంది. స్టోర్ తాళం ఇంకా దొరకలేదు గనక, నేను సింకు పక్కన, అప్పుడే మరోసారి కాలి ఇంకా పూర్తిగా చల్లారకుండా, ఆమె చూస్తున్నవైపే చూస్తూ ఉన్నాను.